తల వైపు సాకెట్

ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే. ఎలక్ట్రీషియన్ వచ్చి పాత వైర్లు పీకేసి, పడకగదిలో కొత్త సాకెట్‌కి సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. మోకాలి ఎత్తున ఉండాలి, తలుపు రెక్క వెనక పడకూడదు. ఏ గోడకన్నది మాత్రం ఇంటివాళ్ళ ఇష్టం.

ఆ ఇష్టం దగ్గరే చిక్కు. వారంగా భార్యాభర్తలకు మాటల్లేవు. ఒకే మంచం మీద ఒకరి తల ఉన్నవైపు రెండోవారి కాళ్ళు. తెల్లారగానే దిండ్లు రెండూ మంచం మధ్యలో ఒకదానిమీదొకటి చేరేవి. అతని తల్లికి ఈ సంగతి తెలియకూడదన్న ఒక్క విషయంలోనే ఇద్దరిదీ ఒకే మాట.

"సాకెట్ ఎటు పెట్టను సార్?"

"తల వైపు," అన్నాడు భర్త, తను తల పెట్టుకునే కిటికీ గోడను తలచుకుంటూ.

అతను స్నానానికి వెళ్ళాక భార్య వచ్చింది. ఆమె మనసులో ఉన్నదీ కిటికీ గోడే. "కాళ్ళ వైపు పెట్టు బాబూ," అంది.

ఎలక్ట్రీషియన్ తల్లి దగ్గరికి నడిచాడు. "పెద్దమ్మగారూ, సార్ తల వైపంటారు, మేడమ్ కాళ్ళ వైపంటారు. ఎవరి మాట వినమంటారు?"

"సాకెట్ దగ్గర కూడా పంతాలేనా! రెండు వైపులా పెట్టెయ్ నాయనా, పీడా పోతుంది."

కిటికీ గోడ మర్యాదగానే పగిలింది. ఎదురు గోడ మాత్రం రెండో సుత్తి దెబ్బకే నిలువెత్తు పెచ్చుగా ఊడి మంచం మీద పడింది. అందరూ పరుగున వచ్చారు.

"చూశార్రా మీ పంతం! నువ్వు తల వైపంటావు, అది కాళ్ళ వైపంటుంది!" అంది తల్లి.

"పంతమేం లేదమ్మా. ఇద్దరం కిటికీ గోడకే పెట్టమన్నాం," అన్నాడు భర్త.

తల్లి కాసేపు మంచం వంక చూసింది. "నీకు తల వైపైంది దానికి కాళ్ళ వైపెలా అయిందిరా?"

చిన్న పెచ్చొకటి తీరిగ్గా రాలింది. తల్లి ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయింది. సిమెంటు కలపాలంటూ ఎలక్ట్రీషియన్ కూడా జారుకున్నాడు.

వారం మౌనం తర్వాత భర్త మొదటిసారి భార్యతో మాట్లాడాడు. "నీ తల అటుంటే, కిటికీ గోడకి సాకెట్ నీకెందుకు?"

"నాకెందుకు? మీ ఫోన్ చచ్చిపోతే పొద్దున అలారం మోగదుగా."

సాకెట్ అడిగేటప్పుడు తనకి తన తల ఒక్కటే గుర్తొచ్చిందని అతనికి అప్పుడు తెలిసింది. ఆమె దుప్పటి దులపడానికి వెళ్ళగానే, తన దిండు తీసి ఆమె తల పెట్టుకునే వైపు పెట్టాడు. తర్వాత చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి, అతని పక్కన పడుకోవచ్చని ఆమె కూడా తన దిండును కిటికీ వైపుకి మార్చేసింది.

ఏ దిండుకీ సాకెట్ లోటు రాలేదు.