చుక్క కారని పడవ

ఆ ఆదివారం పొద్దున కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి కాఫీ తాగడం, ఏడున్నరకి పడవని రేవులో దింపడం, ఎనిమిదింటికి తోడల్లుడి కళ్ళముందు చూసీచూడనట్టు ఒక చుట్టు తిరగడం, తొమ్మిదింటికి ఇంటికొచ్చి టిఫిన్ చేయడం. ఇందులో మొదటిదీ చివరిదీ ఎవరైనా చేసేవే. ఆ మూడో పనికోసమే ఆయనకి మూడు నెలలుగా కంటిమీద కునుకు లేదు.

ఆయనది బజారు వీధిలో కళ్ళజోళ్ళ దుకాణం. తోడల్లుడు, అంటే భార్య చెల్లెలి మొగుడు, రెండు వీధుల అవతల పళ్ళ డాక్టరు. ఆరేళ్ళు చిన్నవాడు. ఆ చిన్నవాడు పోయిన వేసవిలో ఒక పడవ కొన్నాడు. కొని ఊరుకోవచ్చు కదా! ప్రతి ఆదివారం మామగారిని అందులో కూర్చోబెట్టుకుని సరస్సంతా తిప్పసాగాడు. మామగారు రిటైరైన హెడ్మాస్టరు. నలభై ఏళ్ళు మార్కులు వేసిన చెయ్యి ఊరికే ఉండదు కనుక ఇప్పుడు అల్లుళ్ళకి వేస్తున్నారు. "చిన్నల్లుడికి పదికి తొమ్మిది" అన్నారని భార్య చెప్పిన రోజు కళ్ళజోళ్ళాయనకి అన్నం సయించలేదు. తనకెన్ని వచ్చాయో అడిగే ధైర్యమూ లేకపోయింది.

అందుకని తానూ ఒక పడవ కొన్నాడు. కొత్తది కాదు, ముగ్గురి చేతులు మారింది. ఇంజను బంగారమని అమ్మినవాడు ఒట్టేశాడు గానీ, కళ్ళజోళ్ళాయన ఇంజను వైపు తలైనా తిప్పలేదు. జేబులోంచి టేపు తీసి పొడవు కొలిచాడు. తోడల్లుడి పడవకంటే మూరెడు ఎక్కువ వచ్చింది. ఇంకేం కావాలి! అక్కడ రెండు పూతల రంగు వేయించారని తెలిసి ఇక్కడ మూడు పూతలు వేశాడు. పనివాళ్ళని నమ్మలేదు. పడవని దిమ్మల మీద నిలబెట్టి, కిందికి దూరి వెల్లకిలా పడుకుని, గుంట కనబడినచోటల్లా లప్పం పెట్టి, అడుగుభాగం కూడా అద్దంలా తయారుచేశాడు.

"అడుగున ఎవరు చూస్తారండీ?" అంది భార్య.

"చేపలు చూస్తాయి. చూసి, వెళ్ళి వాడి పడవకి చెప్తాయి."

రేవులో మామగారు బల్లమీద కూర్చుని ఉన్నారు. కళ్ళజోళ్ళాయన పడవ దింపి ఇంజను వేసే సమయానికి పళ్ళ డాక్టరు కూడా అటే వచ్చి ఆగాడు. అతని పడవకి పక్కన చిటికెనవేలంత గొట్టం ఉంది. అందులోంచి నీళ్ళు సన్నగా, ధారగా పడుతున్నాయి. అది చూడగానే పెద్ద తోడల్లుడి ప్రాణం లేచొచ్చింది.

"తమ్ముడూ, ఏమనుకోకు గానీ నీ పడవ కారుతున్నట్టుందే!" అన్నాడు, రేవంతా వినబడేలా.

పళ్ళ డాక్టరు కంగారుగా వంగి చూశాడు. "అది... కొన్నప్పట్నించీ అంతే అన్నయ్యా."

"అదే మరి! కొన్నప్పట్నించీ కారుతోందన్నమాట. మాది చూడు. చుక్క కారితే ఒట్టు!"

మామగారు కళ్ళద్దాలు సర్దుకుని రెండు పడవలనూ కాసేపు పరీక్షించారు. "నిజమే. చిన్నల్లుడికి ఒక మార్కు కోత. ఎనిమిది. పెద్దల్లుడికి ఎనిమిదిన్నర. వచ్చే ఆదివారం నా డెబ్భై అయిదో పుట్టినరోజు భోజనానికి అవతలి ఒడ్డుకి పెద్దల్లుడి పడవలోనే వస్తాను" అన్నారు. పళ్ళ డాక్టరు మొహం మాడిపోయింది. ఆ మాడిన మొహాన్ని తనివితీరా చూసుకుని కళ్ళజోళ్ళాయన పడవని ముందుకు పోనిచ్చాడు.

సరిగ్గా పది నిమిషాలకి వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి ఎక్కింది. మాడు వాసన మొదలైంది. ఆయన గుండె జారిపోయినా, నవ్వు మాత్రం జారనివ్వకుండా రేవుకి తిప్పుకొచ్చాడు. "మొదటిరోజు ఎక్కువ తిప్పకూడదు. దిష్టి" అన్నాడు.

సోమవారం ఇంజనాయిల్ మార్చాడు. ముల్లు ఎర్రగీత దాటింది. మంగళవారం బెల్టు మార్చాడు, మళ్ళీ దాటింది. బుధవారం అసలు ముల్లే అబద్ధం చెబుతోందని తేల్చి కొత్త మీటరు బిగించాడు. అది పాతదానికంటే చురుకైనది, తొమ్మిది నిమిషాలకే ఎరుపెక్కింది.

గురువారం భార్య ఉండబట్టలేక అంది: "మరిదిగారిని ఒక్కమాట అడిగితే ఏం పోతుంది?"

"పరువు పోతుంది. అయినా వాడికేం తెలుసు? వాడి పడవే కారుతుంటే!" అన్నాడాయన. ఇంజను వేసిన పది నిమిషాలకి వేడెక్కుతోంది. ఈయన తోడల్లుడు గుర్తొస్తే చాలు వేడెక్కుతున్నాడు. శుక్రవారం ఇక ఆగలేక, చెల్లెల్ని చూసిరమ్మన్న నెపంతో భార్యని గూఢచారిగా పంపాడు.

ఆమె గంటలో తిరిగొచ్చింది. "ఆయన ఆస్పత్రి మూసేసి పడవలో కూర్చున్నాడండీ. చేతిలో పళ్ళు చూసే చిన్న అద్దం, ఏవో సన్నటి పనిముట్లు. పడవ పక్కన ఏదో చేస్తున్నాడు. నన్ను చూడగానే తువ్వాలు కప్పేశాడు."

"తువ్వాలు కప్పాడా!" కళ్ళజోళ్ళాయన కూలబడ్డాడు. "అయిపోయింది. వేగం పెంచే మిషనేదో పెడుతున్నాడు. నా మీద పోటీకే!"

"మీరు మీ ఇంజను సంగతి చూడండి ముందు."

ఆయన రంగు సంగతి చూశాడు. శనివారం పడవని మళ్ళీ దిమ్మలెక్కించి నాలుగో పూత వేశాడు. ఇంజనుకి ఒక ఉపాయం ఆలోచించాడు. అవతలి ఒడ్డుకి ఇరవై నిమిషాలు. ఇంజను ఓర్చుకునేది పది. మధ్యలో ఆపి, ప్రకృతి చూపించి, చల్లబడ్డాక మళ్ళీ బయలుదేరితే సరి!

ఆదివారం మామగారు కొత్త చొక్కా వేసుకుని, పెద్ద కూతురితో కలిసి పెద్దల్లుడి పడవెక్కారు. పడవలో మెత్తటి ఆసనం ఒక్కటే, ఇంజను పెట్టె పైన. అల్లుడు ఆయన్ని గౌరవంగా అక్కడే కూర్చోబెట్టాడు. తొమ్మిది నిమిషాలు బాగానే గడిచింది.

"అల్లుడుగారూ, కూర్చున్నచోట వెచ్చగా ఉందేం?"

"మీ నడుంనొప్పికి మంచిదనీ..." అంటూ ఆయన ఇంజను ఆపేశాడు. "ఇక్కణ్ణించి ఊరు ఎంత బాగుంటుందో చూడండి మామగారూ!"

మామగారు ఊరు చూస్తుండగా వెనకనుంచి పళ్ళ డాక్టరు పడవ వచ్చేసింది. కళ్ళజోళ్ళాయన చూపు తిన్నగా దాని పక్కకి పోయింది. గొట్టంలోంచి ధార లేదు. చుక్క లేదు! ఇన్నాళ్ళకి చిక్కిన ఒక్క ఆధిక్యం, అదీ లాగేసుకున్నాడు దుర్మార్గుడు! పక్కనుంచి పోతూ మరదలు చెయ్యి ఊపింది. "బావగారూ, మాదీ కారడం మానేసింది!"

ఇక ఆయనకి ఒళ్ళు తెలియలేదు. చల్లబడని ఇంజనుని మళ్ళీ వేసి, మీటని ఆసాంతం నెట్టాడు. "ఏమండీ, ముల్లు!" అని భార్య అరిచింది. ముల్లు ఎవడిక్కావాలి? పళ్ళ డాక్టరు కూడా వెనక్కి చూసి జోరు పెంచాడు. పట్టుమని రెండు నిమిషాలు కాలేదు, పెట్టె కింద ఈలలాంటి చప్పుడొచ్చి, తెల్లటి ఆవిరి కమ్మేసింది. మామగారు తన వయసు మరిచి ఎగిరి దూకారు, పడవలోకే లెండి. ముందు పోతున్న పడవలోంచి కూడా అచ్చం అలాంటి ఈలే వినిపించింది. రెండు పడవలూ నడిసరస్సులో గాలికి కొట్టుకుంటూ వచ్చి ఒకదాన్నొకటి ఠప్పున గుద్దుకున్నాయి.

"నీవల్లే అన్నయ్యా!" ఆవిరిలోంచి పళ్ళ డాక్టరు అరిచాడు. "నలుగురిలో కారుతోందని పరువు తీశావు. పళ్ళకి పెట్టే సిమెంటుతో ఆ గొట్టం మూసేశాను!"

"నేనేం మూయమన్నానా?"

"నీ పడవని చూసి వారంగా నాకు నిద్ర లేదు. నీది ఎందుకు కారదో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు!"

ఈ మాటకి కళ్ళజోళ్ళాయనకి అంత ఆపదలోనూ హాయిగా అనిపించింది. అంతలో జనాన్ని దాటించే లాంచీ అటుగా వచ్చింది. దాన్ని నడిపే సరంగు తాడు విసిరి, రెండు పడవల్లోకీ వంగి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"అయ్యా, ఇంజను చల్లబడాలంటే అడుగునుంచి సరస్సు నీళ్ళు తాగాలి, పక్క గొట్టంలోంచి ఉమ్మాలి. ఈయన ఉమ్మనివ్వలేదు. మరి మీది? అడుగున జల్లెడలాంటి చిల్లులుండాలే, ఏమయ్యాయి?"

కళ్ళజోళ్ళాయన నసిగాడు. "చిన్న చిన్న గుంటలు... వరసగా ఉన్నాయి. చూడ్డానికి బాగాలేవని లప్పం పెట్టేశాను."

"దానిమీద రంగా?"

"నాలుగు పూతలు" అంది భార్య.

మామగారు గంభీరంగా లాంచీలోకి ఎక్కారు. "నా సర్వీసులో పక్కవాడి పేపరు చూసి రాసినవాళ్ళని చాలామందిని పట్టుకున్నాను. ఇద్దరూ ఒకరిదొకరు చూసి, ఇద్దరూ తప్పే రాయడం ఇదే చూడటం. చెరో సున్నా!"

"నాన్నా, చుక్క కారనందుకు మార్కులు వేసింది నువ్వేగా?" అంది పెద్ద కూతురు.

ఆయన దగ్గి, మాట మార్చారు. "సరంగుకి పదికి పది."

అక్కాచెల్లెళ్ళు కూడా లాంచీలోకి మారిపోయారు. అల్లుళ్ళు ఖాళీ పడవల్లో, తాడు వెనక ఊగుతూ అవతలి ఒడ్డు చేరారు. పైన పుట్టినరోజు భోజనం జరుగుతుంటే కింద రేవులో పళ్ళ డాక్టరు, ఒడ్డుకి లాగిపెట్టిన అన్నగారి పడవ కిందికి దూరి, చిన్న అద్దం పెట్టి చూస్తూ, పళ్ళగార గీకినట్టు లప్పం గీకాడు. కళ్ళజోళ్ళాయన అద్దాలు అరగదీసే ఆకురాయితో తమ్ముడి గొట్టంలో సిమెంటు అరగదీశాడు. సాయంత్రానికి రెండు ఇంజన్లూ చల్లగా, బుద్ధిగా తిరిగాయి. మామగారు మాత్రం ఇంటికి కూడా లాంచీలోనే వెళ్ళారు, సరంగు పక్కన కూర్చుని.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆయన టిక్కెట్టు కొనుక్కుని లాంచీలోనే తిరుగుతున్నారు. రేవులో మాత్రం రెండు పడవలూ పక్కపక్కనే నిలబడి నీళ్ళు ఉమ్ముతుంటే, ఎవరి ధార ఎక్కువ దూరం పడుతోందో తోడల్లుళ్ళిద్దరూ టేపు పెట్టి కొలుచుకుంటున్నారు.