బోయిని సుగుణ, పద్నాలుగు సైకిళ్లు

మూసీతీర విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో అటెండరుగా పనిచేస్తున్న బోయిని సుగుణ ఆగస్టు రెండో మంగళవారం ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో సైకిల్ స్టాండుగా మారింది. అది పనిదినం కావడంతో మధ్యాహ్నం నుంచి ఆమెకు సగం రోజు సెలవు రాశారు.

ఇదేమీ ఉన్నట్టుండి జరిగింది కాదు. విశ్వవిద్యాలయం హైదరాబాదు నగరం మధ్యలో ఉంది. రోజూ లోపలికి వచ్చే తొమ్మిది వేల మందిలో రెండు వేల పైచిలుకు మంది సైకిలు మీద వస్తారు. కార్లలో వచ్చేవారు మూడు వందల నలభై మంది. వాహనాలు ఎక్కడ నిలపాలో తేల్చడానికి వేసిన పదకొండు మంది కమిటీ రెండేళ్లు శ్రమించి కార్లకు ఆరు వందల చోట్లు గుర్తించింది. ఇంకా కొనని కార్లు కూడా రేపు ఎక్కడో ఒకచోట నిలబడాలి కదా అని సభ్యులు ముందుచూపుతో ఆలోచించారు. సైకిళ్ల గురించి నివేదికలో నలభై మూడో పేజీ అడుగున ఒకే మాట ఉంది: ‘పరిశీలించబడును.’ సభ్యుల్లో ఎవరికీ సైకిలు లేకపోవడం వల్ల ఆ పరిశీలన ముందుకు సాగలేదు.

అలాగని విశ్వవిద్యాలయం ఏమీ చేయలేదనడం అన్యాయం. పర్యావరణ దినోత్సవం నాడు పన్నెండు ఎలక్ట్రిక్ స్కూటర్లు తెప్పించారు. పాత సైకిళ్ల షెడ్డు పడగొట్టి, అక్కడ అద్దాల గది కట్టి, వాటిని అందులో పెట్టి రిబ్బను కత్తిరించారు. విద్యార్థులు ఎక్కితే పాడైపోతాయని మర్నాడు తాళం వేశారు. ఆ గదిని చూడడానికి మూడు రాష్ట్రాల నుంచి బృందాలు వచ్చాయి. వాళ్ల కార్లకు చోటు చాలక బాస్కెట్‌బాల్ కోర్టు ఇచ్చారు.

షెడ్డు పోయాక జనం సైకిళ్లను చెట్లకు, కిటికీ ఊచలకు గొలుసులతో కట్టుకోసాగారు. సెక్యూరిటీవాళ్లు ఆ గొలుసులు కత్తిరించి సైకిళ్లను లారీలో వేసుకుపోయేవారు. సుగుణ సైకిలు మూడుసార్లు అలా పోయింది. మూడుసార్లూ ‘ఇకమీదట నా సైకిలు ఎవరి కంటా పడకుండా చూసుకుంటాను’ అని క్షమాపణ రాసిచ్చి తెచ్చుకుంది. ఆమె బస్తీ నుంచి రావాలంటే రెండు బస్సులు మారాలి. రెండో బస్సు వచ్చేసరికి గ్రంథాలయం తెరిచి గంట దాటుతుంది. సైకిలు తప్ప ఆమెకు వేరే దారి లేదు.

జూలైలో ఎస్టేట్ అధికారి నరహరి ప్రసాద్ సర్క్యులరు జారీ చేశారు. ప్రాంగణంలోని భవనాలు, చెట్లు, బల్లలు, కుర్చీలు అన్నీ ఆయన పరిధిలోకి వస్తాయి. చెట్టు, గోడ, స్తంభం, ఊచ, వీటిలో దేనికీ సైకిలు ఆనించరాదనీ, తెచ్చినవారే దానిని పట్టుకొని ఉండవలెననీ ఆ సర్క్యులరు సారాంశం. చాలామంది ఆ ఉత్తర్వు పాటించారు. సైకిలు పట్టుకుని కిటికీ బయట నిలబడి పాఠాలు విన్నవారికి హాజరు కూడా వేశారు.

సుగుణకు గ్రంథాలయం మెట్ల పక్కన పని ఇచ్చారు. ఎడమచేత్తో సైకిలు హ్యాండిలు పట్టుకుని, కుడిచేత్తో విద్యార్థులు తిరిగి ఇచ్చే పుస్తకాలు తీసుకోవాలి. ఎండలో ఆమె అవస్థ చూసి గ్రంథాలయాధికారి జాలిపడి ఒక స్టూలు వేయించారు. పుస్తకాలు దాని మీద పెట్టమన్నారు.

అలా పంతొమ్మిది పనిదినాలు నిలబడింది. ఇరవయ్యో రోజున మడమలు సిమెంటులోకి దిగాయి. మోకాళ్లు వంగడం మానేశాయి. చేతులు రెండు వైపులా చాచుకుని రెండంగుళాల ఇనుప గొట్టాలయ్యాయి. వాటికి వరసగా కొక్కేలు పుట్టాయి. మెడ నుంచి పైకి మాత్రం ఆమె సుగుణగానే ఉంది. ఆరోగ్య కేంద్రం నుంచి డాక్టరు వచ్చి మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి, శబ్దం విని, ‘తుప్పు లేదు’ అని చీటీ రాసి వెళ్లాడు.

నరహరి ప్రసాద్ కబురందిన వెంటనే వచ్చారు.

“ఎన్ని పడతాయి?” అని సెక్యూరిటీవాణ్ణి అడిగారు.

“అటు ఏడు, ఇటు ఏడు సార్.”

“సార్, నా కాళ్లు కదుల్తలేవు,” అంది సుగుణ.

“కదలకూడదమ్మా. కదిలితే సైకిళ్లు పడిపోతాయి,” అన్నారాయన నెమ్మదిగా.

సుగుణ పదహారేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఆమెను పర్మినెంటు చేయాలన్న ఫైలు ఆ పదహారేళ్లలో అన్ని సెక్షన్లూ తిరిగింది. ఒకసారి వరదలో తడిసి, ఆరబెట్టాక మళ్లీ మొదటి సెక్షనుకు చేరింది. ఇప్పుడు అంత తిరగాల్సిన పని పడలేదు. బల్లలు, బీరువాలు రాసుకునే డెడ్‌స్టాక్ రిజిస్టరులో నలభై నిమిషాల్లో ఆమె పేరు ఎక్కింది. ‘ఇనుప స్టాండు, ఒకటి, పర్మినెంటు’ అని రాసి, ఆమె మెడ కింద తెల్ల రంగుతో అంకె వేశారు. తోటి అటెండర్లు వచ్చి అభినందించారు. ఒకామెకు అసూయతో కళ్లనీళ్లు తిరిగాయి.

సాయంత్రం ఆమె భర్త ఐలయ్య వచ్చాడు. అతను బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణంలో దర్జీ. తోడుకు అతనికి ఆమె, ఆమెకు అతను తప్ప ఎవరూ లేరు.

“ఇంటికి పోదాం పా, సుగుణా.”

“ఎట్లొస్తనయ్యా. కాళ్లు చూడు.”

ఐలయ్య వంగి చూశాడు. సిమెంటు చుట్టూ వేళ్లతో గీరాడు. గోళ్లు విరిగాయి. లేచి భార్య ముఖానికి అంటుకున్న దుమ్ము తుడిచి, నేరుగా ఎస్టేట్ ఆఫీసుకు వెళ్లాడు.

“మా ఇంటామెను తోల్కపోత సార్.”

నరహరి ప్రసాద్ రిజిస్టరు తెరిచి చూపించారు. “ఇప్పుడామె విశ్వవిద్యాలయం ఆస్తి. ఆస్తి గేటు దాటాలంటే పాస్ కావాలి. పాస్ ఇవ్వాలంటే పనికిరాదని సర్టిఫికెట్ ఉండాలి. ఆమె బ్రహ్మాండంగా పనికొస్తోందయ్యా.”

“ఎప్పుడు పనికిరాకుంట అయితది సార్?”

“మామూలుగా పదిహేనేళ్లు. వానలో తడుస్తుంది కాబట్టి కాస్త ముందే కావచ్చు,” అని ఆయన సానుభూతిగా చెప్పారు.

అప్పటినుంచి ఐలయ్య రోజూ పొద్దున, సాయంత్రం వచ్చి ఆమెకు అన్నం కలిపి తినిపించేవాడు. తల దువ్వి జడ వేసేవాడు. వానలు ముదిరాక ఆమె తల మీదుగా ఒక గొడుగు కట్టాడు. అనుమతి లేని కట్టడం కింద మర్నాడు దాన్ని తొలగించారు. పైకప్పుల పథకం ఉంది గానీ, మొదటి దశలో అది కార్లకు. సుగుణ తలమీద పడ్డ వాన కళ్లలోకి కారేది. తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా ఉండేవి కావు.

ఎడమవైపు ఏడో కొక్కెం రజిత అనే పరిశోధక విద్యార్థినిది. సైకిలు తగిలిస్తూ “నొస్తుందా అక్కా?” అని అడిగే మనిషి ఆ అమ్మాయి ఒక్కతే. రజిత ఫిర్యాదుల విభాగానికి అర్జీ పెట్టింది. సిబ్బంది, విద్యార్థులు ఇచ్చే ఫిర్యాదులనే తీసుకుంటామనీ, ఫర్నిచరు తరఫున తీసుకునే నిబంధన లేదనీ తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. రజిత ఆ కాగితం సుగుణకు చదివి వినిపించి ఏడ్చింది. సైకిలు మాత్రం అక్కడే పెట్టుకుని వెళ్లింది. పెట్టడానికి మరో చోటు లేదు.

అక్టోబరులో కమిటీ అధ్యక్షుడి కారు వెనక్కి వస్తూ సుగుణను గుద్దింది. కుడి గొట్టం మోచేతి దగ్గర వంగిపోయింది. ఆమె పెట్టిన కేక గ్రంథాలయం మూడో అంతస్తు దాకా వినబడింది. నిశ్శబ్దం పాటించవలెనన్న బోర్డు ఉన్నచోట అలా అరవడం మీద ఇద్దరు పాఠకులు అభ్యంతరం రాశారు. విచారణ జరిగింది. కారు బంపరు మీద గీత పడిందనీ, డ్రైవరుకు స్టాండు కనబడకపోవడమే ప్రమాదానికి కారణమనీ, తప్పు స్టాండుదేననీ తేలింది. మర్నాడు ఇద్దరు పెయింటర్లు వచ్చి ఆమెకు పాదాల నుంచి నుదుటిదాకా పసుపు, నలుపు చారలు వేశారు. కళ్లు మూసుకోమని మర్యాదగానే చెప్పారు. వంగిన గొట్టాన్ని సుత్తితో సరిచేస్తున్నంతసేపూ ఐలయ్య ఆమె తలను తన గుండెకు అదుముకుని నిలబడ్డాడు.

తర్వాతి సోమవారం మధ్యాహ్నం సుగుణ కొక్కేలన్నీ బిగించింది. పద్నాలుగు సైకిళ్లూ ఇరుక్కుపోయాయి. ఎంత లాగినా రాలేదు.

“ఇయ్య. నా కాళ్లు ఇడిసిన్నాడు మీ సైకిళ్లు ఇడుస్త,” అంది. “పదారేండ్లు మీ పుస్తకాలు మోసిన. ఒక్కనాడు కూసో అన్నరా ఎవలన్న? స్టూలేసిండ్రు, పుస్తకాలకు! గుద్దినోడు బాగనే ఉన్నడు, రంగు నాకు పూసిండ్రు. థూ! ఏం సదువులు మీవి? ఇయ్య, ఏంజేస్కుంటరో చేస్కోండ్రి.”

మొదటి గంటలో కొందరు చప్పట్లు కొట్టారు. ఒకతను వీడియో తీసి, అందరం ఆమెతోనే ఉన్నామని చెప్పాడు. నాలుగయ్యాక ట్యూషన్లు చెప్పుకునేవాళ్లు, సాయంత్రం పనులకు పోయేవాళ్లు గుమిగూడారు. ఐదు దాటాక ఎస్టేట్ ఆఫీసులో ఫిర్యాదుల పుస్తకం తెరిపించారు. ‘గ్రంథాలయం దగ్గర స్టాండు సరిగా పనిచేయుట లేదు. వెంటనే మరమ్మతు చేయించ ప్రార్థన.’ కింద పద్నాలుగు సంతకాలు.

నరహరి ప్రసాద్ ఇనుము కోసే యంత్రంతో వచ్చారు. దాన్ని పక్కన పెట్టించి, ముందు పుస్తకాన్ని సుగుణ ముఖం దగ్గర పట్టుకున్నారు. ఆమె ఒక్కొక్క పేరే చదివింది. పదకొండో పేరు దగ్గర ఆగింది. ఆ పేరు గల మనిషి ఎదురుగానే తల వంచుకుని నిలబడి ఉంది.

“రజితా, స్టాండు రిపేరు చెయ్యాలె అని నువ్వు గూడ రాసినవా?”

“రేపు పొద్దుగాల నాకు వైవా ఉందక్కా. సైకిలు లేకుంటే టైముకు రాలేను.”

“నన్ను కోస్తరని ఎరికేనా?”

రజిత తన సైకిలు హ్యాండిలు మీద చెయ్యి వేసింది. “అందరూ రాసిండ్రక్కా,” అంది.

సుగుణ మిగిలిన మూడు పేర్లూ చదివింది. తర్వాత కొక్కేలు వదిలింది. “తీస్కపోండ్రి,” అంది. పద్నాలుగు మందీ తమ సైకిళ్లు తీసుకుని, తోసుకోకుండా, వరసగా వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున మళ్లీ వచ్చి తగిలించారు. సుగుణ వాళ్లలో ఎవరితోనూ ఆ తర్వాత మాట్లాడలేదు. రజితకు డాక్టరేటు వచ్చింది.

సంవత్సరాంతపు నివేదికలో స్టాండు పనితీరు సంతృప్తికరమని రాశారు. స్థలం తినదు, కరెంటు తినదు, తప్పు చెబితే సరిదిద్దుకుంటుంది. అయితే రెండు వేల సైకిళ్లకు ఒక్కటి చాలదు. అందుచేత జనవరిలో నలభై పర్మినెంటు స్టాండు పోస్టులకు ప్రకటన వెలువడింది. అర్హత నిలబడగలగడం. వారం రోజుల్లో మూడు వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. రెండు డిగ్రీలున్నవారికి కొంత ప్రాధాన్యం ఇవ్వాలని కమిటీ అనుకుంది.

ఐలయ్య కుట్టే దుకాణం అప్పటికే మూతపడింది. బడులన్నీ కుట్టిన యూనిఫారాలే తెప్పించుకుంటున్నాయి. ఒకరోజు అన్నం తినిపిస్తూ చెప్పాడు.

“కాయితం పెట్టిన సుగుణా. నీ పక్కపొంటి రెండు జాగలున్నయట. అడిగితే ఇస్తరట.”

“ఒద్దయ్యా,” అంది సుగుణ. “నీ కాళ్లు మంచిగున్నయి. సైకిలు తొక్కుకుంట ఇంటికి పో.”

“ఇంట్ల ఎవరున్నరు?”

ఆమె నోట్లోని ముద్ద మింగింది. “నువ్వుగూడ గిట్లైతే నాకు బుక్క ఎవరు పెడ్తరు?” అంది.

“ఇద్దరికి కలిపి క్యాంటీన్ల చెప్తరట. పర్మినెంటోళ్లకు ఉంటదట,” అన్నాడు ఐలయ్య.

ఇంటర్వ్యూ నాడు అభ్యర్థులు ఎవరి సైకిలు వారు తెచ్చుకుని, దేనికీ ఆనించకుండా పట్టుకుని వరసలో ఉండాలన్నారు. ఉదయం ఆరింటికే వరస ఎస్టేట్ ఆఫీసు నుంచి గేటు దాటి రోడ్డు దాకా సాగింది. ఎవరూ ఎవరినీ తోయలేదు. ఒకరి వయసు ఒకరు అడిగి తెలుసుకున్నారు. పదింటికి మొదలుకావాల్సిన ఇంటర్వ్యూ అధికారులకు వేరే సమావేశం ఉండడంతో మూడింటికి వాయిదా పడింది. సర్టిఫికెట్లు సరిచూడడానికి రెండున్నరకు గుమాస్తా బయటికి వచ్చేసరికి ముందున్న పంతొమ్మిది మంది మడమలు అప్పటికే నేలలోకి దిగాయి, వాళ్లకు ఇంటర్వ్యూ అవసరం లేకపోయింది. గుమాస్తా వాళ్ల పేర్ల పక్కన టిక్కులు పెట్టుకుంటూ వచ్చి ఇరవయ్యోవాడి దగ్గర ఆగాడు.

ఇరవయ్యోవాడు ఐలయ్య.

“నీకింకా అయినట్టు లేదే,” అన్నాడు గుమాస్తా.

ఐలయ్య ఒక కాలు ఎత్తి చూశాడు. అది లేచింది. ఎవరూ చూడలేదు కదా అని గబుక్కున దాన్ని నేలకు ఆనించి, “అయితది సార్, జర టైమియ్యిండ్రి,” అని మరికాస్త నిటారుగా నిలబడ్డాడు.