నొప్పి లేని నియోజకవర్గం

మా నియోజకవర్గాన్ని రాష్ట్రంలోనే మొట్టమొదటి నొప్పి లేని నియోజకవర్గంగా తీర్చిదిద్దుతానని మా ఎమ్మెల్యే గారు ప్రకటించారు. ఆ రోజే నేను పూతలపట్టు క్రాస్‌లో బైకు మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఇంత అదృష్టం అందరికీ పట్టదు. నాకు నొప్పంటే చచ్చేంత భయం. కరోనా టీకాకే మా ఆవిడ భుజం కొరికాను.

పథకం గురించి మా ప్రభుత్వాసుపత్రిలో మత్తు డాక్టరు పవిత్ర గారు చెప్పారు. చెయ్యి ఆపరేషన్‌కి భుజం దగ్గర నరాల చుట్టూ మత్తు సూది వేస్తారు. నాలుగైదు గంటల్లో అది దిగిపోయి నొప్పి మొదలవుతుంది. అదే సూదిలో రెండో మందు కాస్త కలిపితే మర్నాటి పొద్దుటిదాకా నొప్పి తెలియదు. పథకమంటే ఆ రెండో మందే. దాని సీసా మీద ఎమ్మెల్యే గారి ఫొటో అంటించారు. సీసా చిన్నది కావడంతో మందు పేరు కనిపించదు.

మొదటి లబ్ధిదారు నా పక్క మంచం మీది ఐరాల రైతు ఎల్లప్ప. సోమవారం పొద్దున ఆయన కుడిచేతికి ఆపరేషన్ అయింది. సాయంత్రం ఎమ్మెల్యే గారు కెమెరాలతో వచ్చారు.

"ఏం పెద్దాయనా, నొప్పి ఉండాదా?"

"నొప్పి యాడిది సామీ! సెయ్యే ఉన్నట్టు లేదు," అని ఎల్లప్ప పొంగిపోయి ఎడమచెయ్యెత్తి దండం పెట్టాడు.

ఎమ్మెల్యే గారి ముఖం మాడిపోయింది. "ఎడంసేత్తో దండమా? ఏ పార్టీ అప్పా నువ్వు?"

"కుడిది లేయడంలేదు సామీ. మందు అంత బాగా పన్జేసినాది."

"నా మందు ఏయించుకోని నాకే దండం పెట్టవా?"

"రేపు పొద్దునకి లేస్తుంది సార్," అన్నారు పవిత్ర గారు.

"రేపు నేను అమరావతిలో ఉంటా."

సమీక్షా సమావేశం అక్కడే, నా మంచం పక్కనే జరిగింది. సూపరింటెండెంట్ మోహన్ గారు సూక్ష్మగ్రాహి. "గురువారం పొద్దున ఈయనకి ఆపరేషన్ సార్," అని నన్ను చూపించారు. "రెండో మందు కలపకపోతే మూడింటికల్లా చెయ్యి లేస్తుంది. మీరు నాలుగింటికి వస్తే రెండు చేతులూ రెడీగా ఉంటాయి."

"మరి నొప్పి?" అన్నాను.

"సారు వచ్చి పొయ్యేదాకానే గదప్పా," అని ఎమ్మెల్యే గారి పీఏ నన్ను ఓదార్చాడు.

ఆ మందు మొదట్లోనే కలపాలి, తర్వాత కలిపేందుకు వీల్లేదని పవిత్ర గారు అభ్యంతరం చెప్పారు. గురువారం ఆమెకి ఏర్పేడులో క్యాంపు డ్యూటీ పడింది.

గురువారం అంతా ప్రణాళిక ప్రకారమే జరిగింది. మూడింటికి నా వేళ్లు కదిలాయి. మూడున్నరకి ప్రాణం కదిలింది. నర్సు ప్రసన్నకుమారిని పిలిచి నొప్పి సూది వెయ్యమని బతిమాలాను.

"ఏస్తే మగత వస్తాదన్నా. ఫొటోలో కండ్లు మూసుకోని ఉంటే సారు ఊరుకుంటాడా? ఆయన్ని రానీ."

ప్రజాసేవలో తలమునకలై ఉన్న ఎమ్మెల్యే గారు ఏడున్నరకి వచ్చారు.

"నొప్పి ఉండాదా అప్పా?"

నోరు తెరిస్తే బూతు వచ్చేలా ఉంది. పళ్లు బిగబట్టి, కట్టుతో ఉన్న చెయ్యి పైకెత్తి, రెండు చేతులూ జోడించాను. కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి.

"అట్నే ఉండన్నా, ఇంకొకటి," అంటూ ఫొటోగ్రాఫరు ఆరు ఫొటోలు తీశాడు.

మర్నాడు జిల్లా పేజీలో నా ఫొటో పడింది. 'నొప్పి మాయం... ఎమ్మెల్యేను చూసి రోగి ఆనందబాష్పాలు' అని రాశారు. మా ఆవిడ మునెమ్మ ఆ ఫొటోని చాలాసేపు చూసింది.

"మన పెండ్లిలో గూడా నువ్వు ఇంత సంతోషంగా లేవు గదా!" అంది.