సదానందం ఒంటి మీద ఏముంది

ఎవరిని ఎవరు చూసుకుంటే వాళ్ల జబ్బులూ మందులూ చూసుకునేవాళ్ల చర్మం మీద పచ్చబొట్టులా తేలడం ఆ టౌనులో మామూలే కాబట్టి, అత్త కొమురమ్మ షుగరు సంగతంతా తన ఎడమచేతి మీదకి వచ్చినప్పుడు స్వరూప ఆశ్చర్యపోలేదు. పొడుగు చేతుల రవికెలు మానేసింది, అంతే.

ఆస్పత్రికి ఈ పద్ధతి బాగా కలిసొచ్చింది. అర్జెంటుగా వచ్చిన రోగిని ఎవరూ ఏమీ అడగరు. వెంట వచ్చిన మనిషిని లైటు కింద నిలబెట్టి చదువుకుంటారు. కొమురమ్మ కళ్లు తిరిగి పడిపోయినప్పుడు స్వరూపను అలాగే చదివారు. ఇన్సులిన్ ఎంత, బీపీ గోలీ ఏ పూట, గుండెకు స్టెంటు ఎప్పుడు వేశారు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉన్నాయి. తర్వాత మామ ఉబ్బసం భుజం మీదకి, మరిది మూర్ఛ మెడ మీదకి వచ్చాయి. పైన చోటు చాలక కొమురమ్మ కంటి చుక్కలు స్వరూప మడమ దాకా దిగాయి.

స్వరూపకి మాత్రం పెన్సిలిన్ సూది పడదు. చిన్నప్పుడు ఒకసారి వేస్తే గొంతు మూసుకుపోయి, చావు తప్పింది. ఆ సంగతి తల్లి మణికట్టు మీద ఉండేది. తల్లి పోయినప్పుడు మణికట్టుతో పాటే కాలిపోయింది.

అప్పటి నుంచి ఆ ఒక్క ముక్కను భర్త సదానందం ఒంటి మీదకి ఎక్కించాలని ఆమె పడని తిప్పలు లేవు. చెబితే ఎక్కదు, చూసుకుంటేనే ఎక్కుతుంది. జ్వరం వచ్చినప్పుడు ఇదే అదను అనుకుని పనంతా వదిలేసి ముసుగు తన్ని పడుకుంది.

"గోలీలు యాడుంటయే?" అన్నాడు సదానందం.

"అల్మారల."

"ఏ అల్మారల?"

"ఇంట్ల ఉన్నదే ఒక్కటి!"

చివరికి ఆమే లేచి తీసుకుంది. అతను నీళ్ల గ్లాసు అందించాడు. అతని బొటనవేలి మీద ఒక చుక్క తేలింది. అక్షరం మొదలవుతోందని స్వరూప వంగి చూసింది. అన్నానికి చేతులు కడుక్కోగానే అది పోయింది.

"మంచినీళ్లిచ్చిన గద, ఇంకేం జెయ్యాలె?" అని అతను నొచ్చుకున్నాడు.

వానాకాలంలో ఆమె పాదంలో మేకు దిగింది. కాలు వాచి, చలిజ్వరం పట్టుకుంటే సదానందం ఆస్పత్రికి తీసుకొచ్చాడు. సిస్టర్ అతణ్ని లైటు కింద నిలబెట్టి చొక్కా విప్పించింది. ఛాతీ నిండా సన్నటి అక్షరాలే. స్వరూపకి ప్రాణం లేచొచ్చింది.

"ఇంజనాయిలు మార్చింది ఉగాది ముంగట. ముందు టైరు కొత్తది. చైను వదులైంది," అని సిస్టర్ చదివింది. "ఇదంత నీ భార్యదేనా?"

"బండిది మేడం," అన్నాడు సదానందం వినయంగా.

"మరి ఆమెవి?"

అతను వెనక్కి తిరిగాడు. వీపు మీద బండి ఇన్సూరెన్సు ఉంది.

"అక్కా, నాకు పెన్సిలిన్ పడది. గొంతు మూసుకుంటది," అంది స్వరూప.

"పేషెంటు నోటిమాట చెల్లదమ్మా. పేషెంటంటె తెలివి దప్పి సోయిల లేనట్టే లెక్క."

"సోయిలనే ఉన్న గదక్కా!"

"సోయిలున్నోళ్లందరు గిట్లనే అంటరు. ఎవరి మీద లేనోళ్లకు మామూలు సూదే. మామూలు సూదంటె పెన్సిలినే."

సిస్టర్ సూదిలోకి మందు తీసింది. స్వరూప మంచం మీద లేచి కూర్చుని, మొగుడి చెయ్యి పైకెత్తి పక్కటెముకల మీద వెతికింది. అక్కడ ఉంది: తెలియని చోట ఏదీ పోయించరాదు. తప్పదంటే ఓనరును అడగవలెను.

"అక్కా, ఈయన సూసుకునేది బండినే. నన్ను దాని కిందనే రాసుకో."

సిస్టర్ ఆలోచించింది. రూలు ప్రకారం తప్పేమీ కనిపించలేదు. తోడుగా మనిషి వచ్చాడు, అతని ఒంటి మీద వివరాలున్నాయి, జాగ్రత్తలు కూడా ఉన్నాయి. సూది పక్కన పెట్టి సదానందం వైపు తిరిగింది.

"వేరే మందు ఎక్కియ్యాల్నా?"

"ఎక్కియ్యున్రి. గని మంచి కంపెనీది కావాలె. కల్తీ సరుకు నేను పోయనియ్య."

మంచం తలాపున బండి నంబరు అంటించారు. తెల్లారి డాక్టరు వచ్చి ఆ నంబరు పిలిస్తే స్వరూప చెయ్యెత్తింది.

"ఇంతకుముందు ఎప్పుడు చూపించిన్రు?" అని డాక్టరు అడిగాడు.

"ఉగాది ముంగట సార్," అన్నాడు సదానందం, తడుముకోకుండా.

ఆమె గురించి అడిగినదానికి అతను తడుముకోకుండా జవాబు చెప్పడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. స్వరూప డాక్టరు వైపు చూసి, అవునన్నట్టు తల ఊపింది.