మంచం కింద పొయ్యి

ఆ రోజు ఆ ఇంట్లో పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆరోగ్య బీమా కార్డు గడువు వారం చివరికి ముగిసిపోతుంది. దాన్ని పొడిగించడానికి ఆఫీసు నుంచి ఒక మేడం వస్తుంది, ఇంట్లోవాళ్ళ ముఖాలు చూస్తుంది, నాలుగు ప్రశ్నలు అడిగి వెళ్ళిపోతుంది. ఆ తర్వాతి వారం అత్తగారికి కంటి ఆపరేషన్. కార్డు ఉంటే ఆపరేషన్‌కి పైసా ఖర్చు లేదు. లేకపోతే ఆ ఆస్పత్రి మెట్లెక్కే స్తోమత ఇంట్లో ఎవరికీ లేదు.

అత్తగారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. మనుషులు ఆవిడకి రంగురంగుల మూటల్లా కనిపిస్తారు. మొన్న కొక్కేనికి వేలాడుతున్న పెద్దకొడుకు చొక్కాని పట్టుకుని, అన్నం తిన్నావురా అని రెండుసార్లు అడిగి, జవాబు రాకపోయేసరికి అలిగి పడుకున్నారు. ఇంటిల్లిపాదీ ఆ కార్డు మీదే ప్రాణాలు పెట్టుకుని ఉండడానికి కారణం అదే.

ఆ ఇంటి వంటగది సంగతి కూడా చెప్పాలి. గది ఒకటే, పొయ్యిలు రెండు. కిటికీ వైపుది పెద్దకోడలిది, తలుపు వైపుది చిన్నకోడలిది. మధ్యలో రేకు బీరువా సరిహద్దు. కొన్నేళ్ళ కిందట ఉప్పు దగ్గర మాటా మాటా పెరిగింది. పెద్దకొడుక్కి రక్తపోటు ఉందని డాక్టరు ఉప్పు తగ్గించమంటే, పెద్దకోడలు ఆ వైద్యాన్ని ఇల్లంతటికీ చేసింది. చిన్నకోడలు ఎవరూ చూడకుండా గిన్నెలో ఉప్పు వెయ్యబోయింది, పెద్దకోడలు చూడనే చూసింది. మర్నాటికల్లా చిన్నకోడలు వేరు కుంపటి పెట్టేసింది. ఆ వేరు కుంపటి కూడా చెయ్యి చాపితే అందేంత దూరంలోనే.

అప్పటినుంచి ఇద్దరూ ఉప్పూ నిప్పూ. ఒకరితో ఒకరికి పని పడితే ఆ మాట అత్తగారి మీదుగా వెళ్ళేది. "అత్తయ్యా, అగ్గిపెట్టె ఇటు పడెయ్యమనండి" అనేది చిన్నకోడలు. "అత్తయ్యా, అడిగితే చేతికిస్తాం గానీ పడెయ్యడం మా ఇంటా వంటా లేదని చెప్పండి" అనేది పెద్దకోడలు. అత్తగారు రెండూ విని ఏదీ ఎవరికీ చేరవేసేవారు కాదు. ఆవిడకి పగటి భోజనం పెద్దకోడలి దగ్గర, రాత్రి భోజనం చిన్నకోడలి దగ్గర. ఇద్దరూ పోటీ పడి వండి పెడుతూ ఉండడంతో, ఈ పంపకాల గురించి ఆవిడ ఏనాడూ కంట తడి పెట్టలేదు.

కొడుకుల్లో పెద్దవాడు బస్సు నడుపుతాడు, చిన్నవాడు గడియారాలు బాగుచేస్తాడు. మేడం వచ్చే రోజని తెలిసి ఇద్దరూ మామూలు కంటే ముందే పనుల్లోకి జారుకున్నారు.

కోడళ్ళిద్దరూ ఎవరి కూర వాళ్ళు పొయ్యి మీద వేసుకున్న సమయానికి ఎదురింటి మాస్టారు పేపరు కోసం వచ్చారు. రిటైరయ్యాక ఆయన ఎవరికైనా ఏదైనా ఇస్తే అది సలహాయే, అదీ అడక్కుండా. మేడం వస్తోందని విని ఆయన వంటగదిలోకి తొంగి చూసి, పేపరు మడిచి చంకలో పెట్టుకున్నారు.

"కార్డు ఎన్ని కుటుంబాలకమ్మా?"

ఒక్కటేనంది పెద్దకోడలు.

"కుటుంబమంటే ఏమిటి? ఒక పొయ్యి. ఆవిడ ఇక్కడ రెండు చూసిందంటే, రెండు కుటుంబాలు ఒక కార్డు మీద తింటున్నాయని రాసేసి పోతుంది. మా తోడల్లుడి వీధిలో ఇలాగే ఒకాయన కార్డు కొట్టేశారు."

కోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలా చూసుకుని చాలాకాలం అయింది కాబట్టి ముందు కాస్త ఇబ్బందిపడ్డారు. పెద్దకోడలు అలవాటు కొద్దీ "అత్తయ్యా" అని మొదలుపెట్టింది. అత్తగారు లోపలి గదిలో కునుకు తీస్తున్నారు. ఇక గత్యంతరం లేక నేరుగానే అంది.

"నీ పొయ్యి తియ్యి."

"నాదే ఎందుకు తియ్యాలి?"

"తలుపు తియ్యగానే కనపడేది నీదే కనక."

చిన్నకోడలు తన కూర దించి పక్కన పెట్టింది. అది పాతకాలపు ఇనప పొయ్యి, ఇద్దరు పట్టాల్సినంత బరువు. గ్యాసు కట్టేసి గొట్టం ఊడదీశారు. సిలిండరు బీరువా చాటుకు నెట్టారు. కాలుతున్న పొయ్యిని మసిగుడ్డలతో చెరోవైపు పట్టుకుని మాస్టారింటి వైపు బయలుదేరారు. మాస్టారు రెండు చేతులూ అడ్డం పెట్టారు. ఆయన కార్డు కూడా ఇవాళే చూస్తారట.

"మా ఇంట్లో రెండో పొయ్యి కనబడితే నాకు రెండో సంసారం ఉందనుకుంటారమ్మా. ఈ వయసులో నాకెందుకు?"

అంతలో వీధి గేటు చప్పుడైంది. ఉన్నపళంగా వెనక్కి తిరిగి, పొయ్యిని అత్తగారి మంచం కిందికి తోసి, నేల దాకా జీరాడేలా దుప్పటి లాగారు. ఇంకా చిన్నకోడలి కూర మిగిలిపోయింది. ఒక పొయ్యికి రెండు కూరలేమిటని అడిగితే ఏం చెప్పాలి? చిన్నకోడలు కళ్ళు మూసుకుని తన బంగాళాదుంపల్ని తీసుకెళ్ళి పెద్దకోడలి క్యాబేజీలో కుమ్మరించేసింది.

మేడం వయసులో చిన్నదే. పొద్దుటినుంచి ఇల్లిల్లూ తిరిగి మొహం వాడిపోయింది. చేతిలో ట్యాబు, చెప్పుల్లో బొబ్బలు. లోపలికి రాగానే ఇద్దరు కోడళ్ళూ రెండు వైపుల నుంచీ ఆవిడ మీద అన్యోన్యత కుమ్మరించారు.

"అక్కా, మేడంకి కుర్చీ వెయ్యనా?"

"వెయ్యి చెల్లీ. నువ్వు వేస్తే నేను వేసినట్టే."

మంచినీళ్ళిచ్చేటప్పుడు కూడా గ్లాసు ఒకరు, పళ్ళెం ఒకరు పట్టుకున్నారు. మేడం పొద్దుటినుంచి ఏమీ తినలేదని తెలిసి, వద్దంటున్నా వినకుండా అన్నం పెట్టి, ఉడికీ ఉడకగానే దించిన ఆ కలగూర వడ్డించారు. ఆవిడ ఒక ముద్ద తిని ఆగింది. కోడళ్ళిద్దరి గుండెలూ ఆగాయి.

"ఉప్పు సరిగ్గా కుదిరిందండీ. మా ఇంట్లో ఒక్కరోజూ కుదరదు" అంది మేడం.

ఒక కూరలో ఉప్పు లేదు, రెండోదాంట్లో ఇద్దరికి సరిపడా ఉంది. కలిసేసరికి లెక్క సరిపోయింది. ఈ సంగతి ఇన్నేళ్ళలో తమకెందుకు తట్టలేదా అన్నట్టు కోడళ్ళు గిన్నె వంక చూశారు.

మాస్టారు ఊరుకోలేదు. పిలవని సాక్షిలా గుమ్మంలోకి వచ్చి, ఈ ఇంటి ఆడవాళ్ళు పాలూ నీళ్ళలా ఉంటారని, ఈ ఇంట్లో రెండో పొయ్యి వెలగడం తానెన్నడూ చూడలేదని, కావాలంటే సంతకం పెడతానని చెప్పారు. మేడం ట్యాబులో ఆయన చేత సంతకం పెట్టించుకుంది.

"అయితే అన్నదమ్ములిద్దరి జీతాలూ ఒకే వంటకి వస్తాయన్నమాట?"

"ఒకే వంట, ఒకే పొయ్యి మేడం. వేరన్న మాటే మా ఇంట్లో పుట్టలేదు" అంది చిన్నకోడలు.

మేడం పళ్ళెం కింద పెట్టింది. నిజంగానే బాధపడుతూ చెప్పింది.

"ఈ ఏడాది నుంచి పద్ధతి మారిందండీ. ఒకే పొయ్యి మీద తినేవాళ్ళ సంపాదనంతా కలిపి చూస్తాం. రెండు జీతాలూ కలిస్తే మీరు పరిమితి దాటిపోతున్నారు. కార్డు పొడిగించడం కుదరదు. వేరువేరుగా వండుకునేవాళ్ళయితే చెరో కార్డూ రాసి వెళ్ళేదాన్ని. ఇంత కలిసిమెలిసి ఉన్నవాళ్ళకి ఈ మాట చెప్పాల్సి రావడం నాకూ కష్టంగానే ఉంది."

ఇద్దరికీ నోట్లో వెలక్కాయ పడింది. సలహా మూలపురుషుడి కోసం గుమ్మం వైపు చూస్తే, మాస్టారికి పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన సంగతి అప్పుడే గుర్తొచ్చి వెళ్ళిపోయారు. పేపరు కూడా పట్టుకుపోయారు.

"మేడం, మేం వేరే" అంది పెద్దకోడలు.

"ఇంతసేపూ చూశాను కదండీ."

"అది నటన మేడం."

"మరి ఇది?"

చిన్నకోడలు సరిహద్దు బీరువా చూపించింది. బీరువా ప్రతి ఇంట్లోనూ ఉంటుందంది మేడం. పొయ్యి మంచం కింద ఉందన్నారు. పాత పొయ్యి ఎవరింట్లోనైనా మంచం కిందో అటక మీదో పడి ఉంటుందని, తాను రాయాల్సింది వెలిగే పొయ్యి గురించేనని అంది. కార్డు పోతుందనగానే ప్రతి ఇంట్లోనూ అన్నదమ్ములు విడిపోతున్నారట. పొద్దుటినుంచి ఆవిడ కళ్ళ ముందే మూడు కాపురాలు వేరుపడ్డాయి.

ఇక పోట్లాడి చూపించడం ఒక్కటే మిగిలింది. పెద్దకోడలు కొంగు బిగించి, "దీని కూర మనుషులు నోట్లో పెట్టలేరు మేడం" అంది. మేడం ఖాళీ పళ్ళెం వంక చూసుకుంది. చిన్నకోడలు ఇంకాస్త గట్టిగా, "మా అక్కకి అసలు వంటే చేతకాదు మేడం" అంది. 'మా అక్క' అన్న మాట నోట్లోంచి పడ్డాక వెనక్కి తీసుకోవడానికి లేదు. పెద్దకోడలికి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకునేలోపు చిన్నకోడలికీ వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత ఇద్దరూ కలిసి నవ్వుతూ, అత్తయ్య కళ్ళు గుర్తొచ్చి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

"మీరు పోట్లాడలేరండీ. వదిలెయ్యండి" అంది మేడం జాలిగా. కార్డు కొట్టేసినా అందులో ఉన్న ప్రతి మనిషినీ చూసి వెళ్ళాలి కనక, పెద్దావిడ ఎక్కడున్నారని అడిగి లోపలి గదిలోకి వెళ్ళింది.

అత్తగారు అప్పుడే లేచి కూర్చున్నారు. గుమ్మంలో నీలం రంగు మూట ఒకటి కనిపించింది. ఆ రోజు మేడం బట్టలూ నీలమే, చిన్నకోడలివీ నీలమే. అత్తగారు గొంతు తగ్గించి, మంచం మీద చోటు చూపించారు.

"రావే చిన్నదానా, కూర్చో. నీ పొయ్యి నా మంచం కిందికి ఎందుకు తెచ్చావే? నడుం కింద కాగుతోంది. సర్లే, నొప్పికి హాయిగానే ఉంది గానీ రాత్రి వంట వేళకి తీసెయ్యి. ఇవాళ కాస్త రుచిగా చెయ్యి తల్లీ. పగలంతా పెద్దదాని చప్పిడి కూడు. పాపం, ప్రేమగా పెడుతుంది, కాదనలేను. ఈ మాట దానితో అనకు."

మేడం వంగి దుప్పటి ఎత్తి, పొయ్యి మీద వేలు పెట్టి, చటుక్కున తీసేసింది. ఆ వేలు నోట్లో పెట్టుకునే బయటికి వచ్చింది.

"పాత పొయ్యికి ఇంత వేడి ఉండదు" అని కుర్చీలో కూర్చుని మళ్ళీ ట్యాబు తీసింది. "రాసేది నేను చూసిందే. రెండు పొయ్యిలు, రెండు కార్డులు. మరి పెద్దావిడ ఎవరి కింద?"

"నా కింద" అన్నారు కోడళ్ళిద్దరూ ఒకేసారి.

"నీ కిందేమిటి? పెద్దకోడల్ని నేను. పగలంతా చూసేది నేను."

"పగలు చూస్తే సరా? రాత్రి మందులేసేది ఎవరు? కళ్ళలో చుక్కలేసేది ఎవరు?"

"ఆ చుక్కల మందు తెచ్చిన మనిషి నా మొగుడు."

"తెచ్చి బస్సులో మర్చిపోతే మళ్ళీ వెళ్ళి వెతికి తెచ్చింది నా మొగుడు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇన్నేళ్ళుగా అత్తగారి మీదుగా పంపిన మాటలన్నీ నేరుగా తగిలాయి. అగ్గిపెట్టె వచ్చింది, ఉప్పు వచ్చింది, ఒకరి పుట్టింటివాళ్ళు కూడా గుమ్మం దాకా వచ్చి వెళ్ళారు. మేడం కాసేపు తృప్తిగా విని, ఇప్పుడు నమ్మానంది.

గోల విని అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చారు. సంగతి తెలిశాక తీర్పు చెప్పడానికి ఆవిడ ఏమాత్రం ఆలోచించలేదు.

"దీనికింత రభస ఎందుకు? ఒక కన్ను పెద్దదాని కింద, ఒక కన్ను చిన్నదాని కింద రాయమ్మా."

అలా రాసే వీలు ట్యాబులో లేదని మేడం నచ్చజెప్పింది. చివరికి మంచం కింద పొయ్యి ఎవరిదో మంచం మీద మనిషీ వాళ్ళ కిందేనని తేల్చి, అత్తగారిని చిన్నకోడలి కార్డులో రాసింది. వెళ్ళేముందు మిగిలిన కూర ఒక డబ్బాలో పెట్టి ఇమ్మని అడిగి తీసుకుంది. పెద్దకోడలు డబ్బా ఇచ్చింది గానీ, సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం చిన్నకోడలు వెళ్ళి, ఆపరేషన్ రోజున ఆస్పత్రిలో పక్కన కూర్చునే మనిషి నువ్వేనక్కా, నాకు సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి అని చెప్పాకే పెద్దకోడలు పొయ్యిని మంచం కింది నుంచి లాగడానికి చెయ్యి వేసింది.

మేడం మళ్ళీ ఎప్పుడైనా చెప్పకుండా రావచ్చు కనక రెండు పొయ్యిలూ ఎక్కడివక్కడే ఉంచారు. వంటలూ వేరుగానే చేసుకుంటున్నారు. పెద్దకొడుకు వాటా చప్పగా తీసి పక్కన పెట్టి, వడ్డించే ముందు మిగతా రెండు కూరలూ ఒక గిన్నెలోకి వంచుతున్నారు. అది ఉప్పు కోసమేనని, ఇంకే ఉద్దేశమూ లేదని ఇద్దరూ విడివిడిగా చెబుతారు.

అనుకున్న రోజుకే ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు అత్తగారు ఇంటికొచ్చి, కోడళ్ళిద్దరి మొహాలూ దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశారు. ఇద్దరూ చిక్కిపోయారని దిగులుపడ్డారు. తర్వాత వంటగదిలోకి వెళ్ళి, ఒక గిన్నె తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు.

"ఇది తోమింది ఎవరే? అడుగున మసి అలాగే ఉంది."

ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరు మరుసటి వారం చూసి చెప్పాడు గానీ, కోడళ్ళకి ఆ సంగతి అప్పటికే తెలుసు.