ఇరవై ఎనిమిది బొట్ల కారు

ఆ రోజుకు వైకుంఠం వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున తొమ్మిదింటికి మొఘల్‌పురా వెళ్ళాలి, మునీర్ సాబ్ కారు చూడాలి, వద్దని చెప్పాలి, భోజనం వేళకు ఇంటికి చేరాలి. చూడకముందే వద్దనుకోవడం ఏమిటని అడగకండి. కంచన్‌బాగ్‌లోని లోహాల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్కేళ్ళు తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషాయన. ఈ రెండేళ్ళలో ముప్పై ఎనిమిది పాత కార్లు చూశాడు, ముప్పై ఎనిమిదింటినీ వద్దన్నాడు. ఒకదాన్నయితే హారన్ గొంతు నచ్చక వదిలేశాడు.

నిజానికి కారు కావలసింది ఆయనకు కాదు, భార్య రాజమణికి. మోకాళ్ళు అరిగిపోయి ఆమె ఆటో ఎక్కలేకపోతోంది. ఎనిమిది నెలలుగా గౌలిపురాలోని తమ గల్లీ దాటలేదు. ప్రతి శనివారం భజన మండలి ఆడవాళ్ళు గుడికి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతుంది, లోపలికి వచ్చి టీవీ పెట్టుకుంటుంది.

"ఇగో," అంది ఆ పొద్దున చాయ్ అందిస్తూ. "ఇయ్యాల గూడ ఉత్త చేతుల్తోని వస్తే, కారు ముచ్చట నేను మళ్ళ ఎత్త. ఇల్లు మంచిగనే ఉంది. ఇండ్లనే ఉంట."

ఆమె లొల్లి పెట్టి ఉంటే వైకుంఠం తట్టుకునేవాడే. రెండేళ్ళుగా తట్టుకుంటూనే ఉన్నాడు. కానీ ఆమె కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. దాంతో ఆయనకు మొదటిసారి భయం వేసింది.

అయినా పద్ధతి పద్ధతే. ఫ్యాక్టరీలో లోపం కనిపిస్తే ఎర్ర గుర్తు, అనుమానం కలిగితే పసుపుపచ్చ గుర్తు పెట్టేవాడు. ఎర్ర గుర్తు పడిన ముక్క గేటు దాటేది కాదు. కార్లకూ అదే పద్ధతి. అయితే ముప్పై ఎనిమిదో కారుకు పెట్టిన ఆయిల్ రంగు వదలక, ఆ ఓనరు ఈయన కాలర్ పట్టుకున్నంత పని చేశాడు. అందుకని ఈసారి తుడిస్తే పోయే సరుకు కావాలనుకున్నాడు. ఇల్లంతా వెతికితే దేవుడి గూట్లో దొరికింది. కుంకుమ ఒక డబ్బీలో, పసుపు ఒక డబ్బీలో తడిపి సంచిలో పెట్టుకున్నాడు. ఇంత తెలివైన ఆలోచన ఇన్నాళ్ళూ తట్టనందుకు తనను తానే తిట్టుకున్నాడు.

మునీర్ సాబ్‌కు లాడ్ బజార్‌లో గాజుల దుకాణం ఉంది. పదహారేళ్ళుగా ఆ తెల్ల కారును ఆయనే తుడిచి, ఆయనే నడిపాడు. చూపు మందగించిందని డాక్టరు నడపొద్దన్నాక అమ్మకానికి పెట్టాడు. "దేఖ్‌లో భాయ్. ఇది గాడీ గాదు, నా ఇంట్ల మనిషి," అని చెప్పి చాయ్ పురమాయించడానికి లోపలికి వెళ్ళాడు.

వైకుంఠం చొక్కా చేతులు మడిచి పనిలోకి దిగాడు. డోరు కీలు వదులుగా ఉంది. ఎర్ర గుర్తు. వెనక సీటు స్ప్రింగు మూలుగుతోంది. ఆ వైపు తలుపుకు ఎర్ర గుర్తు. ఇంజన్ చప్పుడు బాగానే ఉంది, మరీ బాగా ఉంది, అందువల్ల అనుమానం. బానెట్ నడిమధ్యన పచ్చ గుర్తు. అరగంట గడిచేసరికి పదకొండు ఎర్రవి, పదిహేడు పచ్చవి పడ్డాయి. ఇక సైలెన్సర్ సంగతి తేల్చడానికి ఆయన కారు కిందికి దూరాడు.

చాయ్‌తో వచ్చిన మునీర్ సాబ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. తన తెల్ల కారు ఒళ్ళంతా పసుపు కుంకుమలు. హిందువులు కొన్న బండికి పూజ చేస్తారని ఆయనకు తెలుసు, కానీ ఇంత శ్రద్ధగా చేయడం ఎన్నడూ చూడలేదు. కళ్ళు తుడుచుకుని, పదింటికి రావలసిన ఇంకో గిరాకీకి ఫోన్ చేసి కారు అమ్ముడుపోయిందని చెప్పేశాడు. సైలెన్సర్‌కు చెవి ఆనించి ఉన్న వైకుంఠానికి ఇదేమీ వినపడలేదు. బయటికి రాగానే మునీర్ సాబ్ ఆయన్ను కౌగిలించుకుని తాళం చేతిలో పెట్టాడు.

"ఒక చక్కర్ కొట్టి రాండ్రి భాయ్. కాగితాలు నేను తీసి పెడ్త."

తనిఖీ విలువ తెలిసిన ఓనరు ఇన్నాళ్ళకు దొరికాడని వైకుంఠం లోలోపల పొంగిపోయాడు.

మెయిన్ రోడ్డు మలుపులో బస్సు అడ్డం రావడంతో కారు ఆపవలసి వచ్చింది. పూలమ్మే బేబీ బుట్టతో సహా ముందుకొచ్చి బానెట్ మీద బంతిపూల దండ పరిచేసింది.

"కొత్త బండికి దండ లేదేంది బాపు?"

"నాది గాదమ్మా, ట్రయల్ జూస్తున్న."

"పైసల ఫికర్ జేయకు, రేపియ్యి," అంటూ ఆమె నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది.

వెనక పదిహేను హారన్లు ఒక్కసారి మోగాయి. వైకుంఠం క్లచ్ వదిలాడు. నాలుగు కాయలూ ఒకేసారి చితికాయి, ఫుట్‌పాత్ మీది జనం చప్పట్లు కొట్టారు. ఆ జనంలో రాజమణి తమ్ముడు మహేష్ ఉన్నాడు. పాల క్యాన్ల బండి పక్కకు ఆపి ఫోటో తీశాడు. "బావ కారు తీసుకున్నడు" అని రాసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

ఫర్లాంగు దూరం పోయేలోపు వైకుంఠం ఫోన్‌కు అభినందనలు వచ్చిపడ్డాయి. విషయం అర్థమై, కారు పక్కకు ఆపి జేబురుమాలు తీశాడు. సరిగ్గా అప్పుడే రాజమణి ఫోన్ చేసింది.

"గల్లీ మొగల నిలబడ్డ. జల్ది రా."

"గల్లీ మొగకా? ఎట్లొచ్చినవ్?"

"నడుసుకుంట వచ్చిన."

వైకుంఠం రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గల్లీ చివర రాజమణి నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుని, చేతికర్ర పట్టుకుని, పక్కన నలుగురు భజన మండలి ఆడవాళ్ళతో నిలబడి ఉంది. ఆయన దిగేలోపే కొబ్బరికాయ పగిలింది. "రాజమణీ, ఇది ఇంకా..." అంటూ ఆయన ముందు తలుపు తెరిచాడు. ఆమె వెనక్కి తిరిగి కూర్చుంది. అంతే. ఆటోకు ఎత్తినట్టు కాలెత్తవలసిన పని లేదు, కిందికి ఒంగవలసిన పనీ లేదు. సీటు సరిగ్గా ఆమె కూర్చునే ఎత్తున ఉంది. పాదాలు రెండూ లోపలికి తీసుకుని, అమ్మా అనకుండా, మొగుడి మొహం చూసింది. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆమె ఆయన్ను అట్లా చూడలేదు.

"ఇంకా, ఏంది?"

"ఇంకా... సీటు కొంచెం ఎనకకు జరపాల్నా?"

నలుగురు ఆడవాళ్ళూ వెనక ఇరుక్కున్నారు. స్ప్రింగు ఒకసారి మూలిగి సర్దుకుంది. గుడికి పోయారు, దండం పెట్టుకున్నారు, భజన ఎత్తుకుని తిరిగి బయలుదేరారు. ఎత్తు రోడ్డు మీద ఆరుగురితో కారు పాకుతుందని వైకుంఠం ఎదురుచూశాడు. అది పాకలేదు. మేక అడ్డం వస్తే, వేసినచోటే బ్రేకు పట్టుకుంది. మొఘల్‌పురా చేరేసరికి ఆయన అనుమానాల్లో పదమూడు మాయమయ్యాయి.

మునీర్ సాబ్ కాగితాలతో ఎదురొచ్చాడు. "మీ పూజ జూసి దిల్ ఖుష్ అయింది భాయ్. డోరు కీలు మీద గూడ బొట్టు పెట్టిన్రు. గిది మీ ఇంటి ఆచారమా?"

వైకుంఠం దేని మీదయినా అబద్ధం ఆడగలడేమో కానీ, తనిఖీ మీద ఆడలేడు.

"పూజ గాదు సాబ్. ఎర్రది పెడితే లోపం ఉన్నట్టు. పచ్చదైతే అనుమానం."

మునీర్ సాబ్ కారు చుట్టూ తిరుగుతూ వేలితో తాకి లెక్కపెట్టాడు. "అఠ్ఠాయీస్. ఇరవై ఎనిమిది," అన్నాడు. ఆయన మొహంలో నవ్వు పోయింది. "నేను వేరే గిరాకీని వాపస్ పంపిన. చాబీ ఇయ్యండ్రి భాయ్. నా ఇంట్ల మనిషికి వంకలు పెట్టినోళ్ళకు నేను గాడీ ఇయ్య."

ముప్పై ఎనిమిది కార్లను వద్దన్న వైకుంఠాన్ని మొదటిసారి ఒక కారు వద్దంది. రాజమణి మాత్రం సీటులోంచి దిగలేదు.

"సాబ్," అంది. "ఆయన బండిని జూసిండు. నేను కూసున్న."

"కైసా లగా బెహన్‌జీ?"

"మోకాళ్ళు యాదికి రాలే."

మునీర్ సాబ్ వైకుంఠం వైపు తిరిగాడు. "మీ ఫైసలా ఏంది?"

ముప్పై ఒక్కేళ్ళలో వైకుంఠం తాను పెట్టిన ఎర్ర గుర్తు ఒక్కటి కూడా చెరపలేదు. జనరల్ మేనేజరు అడిగినా చెరపలేదు. ఇప్పుడు రుమాలు తీసి, డోరు కీలు దగ్గర మొదలుపెట్టి, పదకొండూ తుడిచాడు. పచ్చవాటి మీదికి వెళ్ళబోతే భజన మండలి ఒక్క గొంతుతో అడ్డుపడింది. "పసుపు ఉండనీ అన్నా, శుభం."

"గాడీ ఇస్త," అన్నాడు మునీర్ సాబ్. "కాని ఆప్‌కో నహీ. బెహన్‌జీకి ఇస్త. పేరు గూడ ఆమెదే రాయాలె."

వెనక సీట్లో భజన మళ్ళీ మొదలైంది. రాజమణి పక్క సీటులోంచి చెయ్యి చాపి స్టీరింగు మీద పెట్టి చూసుకుంది. ఉద్యోగమంతా కలిపి పాస్ చేసిన ముక్కల్లో ఏ ఒక్కటీ వైకుంఠానికి ఇంత సంతోషం ఇవ్వలేదు. ఆ మాట ఆయన పైకి కూడా అన్నాడు, భజన హోరులో ఎవరికీ వినపడలేదు.

కాగితాల మీద కొన్నవారి పేరు రాజమణి అని పడింది. వైకుంఠం సాక్షి సంతకం పెట్టాడు.