రెండు వందల పన్నెండో నంబరు దేశం

"ప్రపంచ దేశాలన్నిటినీ ఒకే టేబుల్ మీదికి తెస్తాను!" అని మా గణాంకాల మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. సగం మంది విందు ఇస్తున్నారనుకున్నారు.

అన్ని దేశాల లెక్కలూ ఒకే పట్టికలో చేర్చే ఆ మహత్కార్యం, ఆయన శాఖలో చిరుద్యోగినైన నాకు అప్పగించారు. ఉతికిన సాక్సులకు జత కుదర్చడం కూడా చేతకానివాణ్ణని ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు.

నా కంప్యూటర్‌లో రెండు ఫైళ్ళు. ఒకదాంట్లో ప్రతి దేశపు జనాభా, రెండోదాంట్లో నిరుద్యోగులు. దేశాలకు పేర్లు లేవు, నంబర్లే. పైగా ఏ ఫైలు నంబర్లు దానివే.

"సార్, ముందు ఏ నంబరు ఏ దేశమో సరిచూడాలండి," అన్నాను కార్యదర్శిగారితో.

"నంబరుకు నంబరు కలిపెయ్యవయ్యా! సాయంత్రం ప్రెస్‌మీట్ ఉంది."

కలిపేశాను. జనాభా ఫైల్లో 212 అంటే మనం. నిరుద్యోగుల ఫైల్లో 212 అంటే ఎప్పుడో రద్దయిపోయిన ఏదో దేశం. దాని గడి ఖాళీ. ఖాళీని కంప్యూటరు సున్నా అని చదివింది. కంప్యూటరు చదివిందే సాయంత్రం ప్రెస్‌మీట్‌లో మంత్రిగారూ చదివారు.

"మన దేశంలో నిరుద్యోగం సున్నా!"

వెళ్ళి ఆయన చెవిలో చెప్పాను.

"సార్, ఆ సున్నా మనది కాదండి. ఆ దేశమే ఇప్పుడు లేదు."

"అక్కడ నిరుద్యోగులున్నారా?"

"అసలు మనుషులే లేరండి."

"లేరనేగా నేనూ అన్నది!"

ఇంకేదో అనబోయేంతలో నా మెడలో దండ వేసి, నన్ను డైరెక్టర్‌ని చేస్తున్నట్టు ప్రకటించారు. మెడలో బరువైన దండ ఉంటే తల అడ్డంగా ఊపడం కష్టం. నిలువుగా అయితే హాయిగా ఊగుతుంది. ఊపాను.

మర్నాడు ప్రతిపక్ష నాయకుడు మండిపడ్డారు. "ఆ సున్నా మా హయాంలోదే! వీళ్ళు కొట్టేశారు!"

నిరుద్యోగులే లేనప్పుడు వాళ్ళ పేర్లు నమోదు చేసుకునే ఆఫీసు దండగని, ఆ వారమే దాన్ని మూసేశారు. నా భార్య అందులోనే గుమాస్తా.

ఆమె ఇంటికొచ్చి, సంచిలోంచి మంచినీళ్ళ సీసా, ఇంకుప్యాడు, కుర్చీలో వేసుకునే దిండు తీసి నా ముందు పెట్టింది.

"డైరెక్టరుగారూ, నేనిప్పుడు నిరుద్యోగినా, కాదా?"

నిజం చెబుదామనే నోరు తెరిచాను.

"మన దేశంలో ఎవరూ లేరు కదే," అంది నా నోరు.

ఆమె దిండు చంకన పెట్టుకుని వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోయింది.

ఇంతలో ఫోను మోగింది. మంత్రిగారు.

"డైరెక్టరూ, ఈసారి సంసారాల్లో సుఖశాంతుల లెక్క తీద్దాం. మీ ఇంటితోనే మొదలుపెడదాం. గొడవలేమైనా ఉన్నాయా?"

ఇల్లంతా ఒకసారి కలయజూశాను.

"ఒక్కటీ లేదండి," అన్నాను.